టీవీల వంటాయనకు ఉప్పు తక్కువైందని ఎవరు చెప్పాలె?

టీవీల వంట చేసెటోళ్లు ఎన్నడన్న కూర మాడగొట్టంగ చూసినవా బిడ్డా? నేనైతే చూడలే. ఎప్పటి సందో చూస్తున్న, ఒక్కనాడు పాలు పొంగిపోలే, ఒక్కనాడు కందిపప్పు ఉడకనంటే ఉడకనని మొండికెయ్యలే. ఆఖరుకు వంట చేసినామె చెంచా కొసకు జరంత తీసుకుంటది, నోట్ల ఏసుకుంటది, కండ్లు మూస్తది, "అబ్బ, ఎంత బాగుందో" అంటది. వండింది తనే, తిన్నది తనే, మెచ్చుకున్నది తనే! మా రోజుల్ల ఎవరన్న తన వంటను తనే గిట్ల పొగుడుకుంటే, పాపం ఏదో గాలి సోకిందని నిమ్మకాయ దిగదుడుస్తుండిరి.

కోపానికి రాకు. నీకు నచ్చిన వంటాయన ఒకడుంటడు. రోజూ నీ ఫోన్ల కనవడ్తడు. ఆయన ఇల్లు ఏడుందో, ఆయన ఇంటోళ్లు ఆయన కూర తింటరో లేదో నీకు తెల్వదు, కని ఆయన చెప్పినంత కారం ఏస్తవ్. ఏసుకో. నేనేమన్న వద్దంటున్ననా? అంటనే ఉన్న, కని ఇనెటోడెవడు.

మాది నాగల్‌గిద్ద. హైదరాబాదుల పెరిగిన నీకు అది ఏ దిక్కున్నదో తెల్వదు గనక చెప్త. నారాయణఖేడ్ దాటి ఇంకా పోవాలె. ఇగ తెలంగాణ అయిపోయిందని బస్సుల కూసున్నోళ్లు అనుకునే కాడ మా ఊరు తగుల్తది. అవుతల కర్ణాటక, బీదర్ జిల్లా. జర పైకి పోతే మహారాష్ట్ర. 2016ల కొత్త జిల్లాలు చేసినప్పుడు మమ్మల్ని మండలం చేసి సంగారెడ్డి జిల్లాల పెట్టిండ్రు. అంతకు ముందు మెదక్ జిల్లాల ఓ మూలకు మేం గూడ ఉన్నమని ఎప్పటికప్పుడు యాది చెయ్యాల్సి వస్తుండె. నల్లరేగడి భూములు. కంది, పెసర, మినుము, యాసంగిల జొన్న, శెనగ, కుసుమ. ఇంట్ల తెలుగు, అంగట్ల కన్నడం, చుట్టాల కాడ మరాఠీ, కచేరీల ఉర్దూ మాట్లాడి పెరిగినోళ్లం.

గందుకే టీవీ వంటలతోని మాకు తిప్పలు మూడింతలైనయ్. నువ్వు ఒక్క తెలుగు వంటాయనతోని వేగుతున్నవ్. మా ఇంట్ల డబ్బా తిప్పితే జీ మరాఠీల "ఆమ్హీ సారే ఖవయ్యే", ఇంకో మీట నొక్కితే స్టార్ సువర్ణల "బొంబాట్ భోజన". అటు ప్రశాంత్ దామ్లే అనే నాటకాలాయన నవ్వుకుంట, పాటలు పాడుకుంట పక్కన నిలవడుతుండె. ఇటు సిహి కహి చంద్రు అనే సినిమా ఆయన గంటె పట్టుకుంటుండె. ఇద్దరూ పేరున్న నటులే. నాటకమాడెటోడు పొయ్యి కాడికి ఎందుకొచ్చిండని నేనడిగితే మా ఇంటామె ఏమన్నదో తెలుసా? "ఈ ఇంట్ల గూడ రోజూ ఒకాయన పొయ్యి కాడికొచ్చి నాటకమే ఆడ్తడు, పని చెయ్యడు." ఆ మాటకు నేను జవాబియ్యలే. జవాబు లేక కాదు, అప్పుడే రొట్టె పొంగుతున్నది.

రొట్టె అంటే యాదికొచ్చింది. జొన్న రొట్టె ఎట్ల నేర్చుకుంటుండిరో నీకు చెప్పాలె. పిండి అప్పటికప్పుడు పట్టించిందై ఉండాలె, దినాలు గడిస్తే జిగి పోతది, అంచులు పగుల్తయి. గోధుమ పిండిల ఉన్న సాగుడు జొన్నల లేదు. గందుకే మరిగిన నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా పిసుకాలె. ఆ ఉడుకుకే పిండి ఒక్కటైతది. ఇగ పీట మీద ముద్ద పెట్టి అరచేతితోని కొట్టుకుంట, కొట్టినప్పుడల్ల తిప్పుకుంట పోవాలె. పెంక మీద ఏసినంక పైన తడిబట్టతోని నీళ్లు రాసి, ఆ తడి ఆరకముందే తిరగెయ్యాలె. జర ఆలస్యమైందా, పొంగదు. ఇదంతా ఎవరూ చెప్పకపోతుండిరి. కొత్తగ వచ్చిన కోడలు పిల్ల అత్త పక్కన కూసోవాలె, చూడాలె, చప్పుడు ఇనాలె. చప్పుడు మారిందంటే పిండి ఎండిందన్నట్టు. పక్కింటామె గోడ అవుతల నుంచే, "ఏందే, ఇయ్యాల్ల పిండి గట్టిగ పిసికినట్టున్నవ్" అంటుండె. ఇప్పుడు నీ ఫోన్ల రొట్టె కొట్టుడు మీద పాట ఏస్తరు. చప్పుడే లేకపోతే ఏం నేర్చుకుంటవ్ బిడ్డా?

అంతకన్న పెద్ద బడి ఇంకోటుండె. తినెటోళ్లు! మా తాత పళ్లెం ముందట కూసున్నడంటే ఇంట్ల ఆడోళ్లకు పరీక్ష. ఒక్క ముద్ద పెట్టుకుంటడు, నములుతడు, ఏం మాట్లాడడు. చెయ్యి అట్లనే ఆగిందంటే ఏదో తప్పు జరిగినట్టే. "పప్పుల ఎల్లిపాయ మాడింది" అంటడు. మాడింది ఒక్క పాయ, గిన్నెడు పప్పుల. ఆయనకెట్ల తెల్సేదో! మా నాయిన అట్లనే చేసిండు, నేను గూడ అట్లనే చేసిన. మా ఇంటామె చేతి వంటకు ఇయ్యాల్ల ఊరంత పేరున్నదంటే దాంట్ల నా గొణుగుడు సగమున్నదని నేనంటే, మిగిలిన సగం ఏందని ఆమె అడుగుతది. పొయ్యి ఎట్ల అంటుకుంటదో తెల్వని మనిషి పొయ్యి మీది కూరకు తీర్పు చెప్పుడేందని నువ్వు గూడ అడుగుతవ్. తీర్పు చెప్పెటోడికి పని రావాల్నని ఏ చట్టంల ఉన్నది?

టీవీ కంటే ముందు పుస్తకాలొచ్చినయ్ లే, అది మరిచిపోరాదు. మాలతీ చందూర్ గారు రాసిన "వంటలు-పిండివంటలు" పుస్తకం అచ్చు మీద అచ్చు పడుకుంట తెలుగోళ్ల ఇండ్లల్లకు పోయింది. ఆంధ్రప్రభల "ప్రమదావనం" శీర్షికల ఆమె ఏండ్లకేండ్లు ఆడోళ్ల ప్రశ్నలకు జవాబులు రాసింది. మా దిక్కు ఆ పుస్తకం నౌకరీ మీద బదిలీ అయి వచ్చినోళ్ల ఇంట్ల కనవడుతుండె. ఓ సారు భార్య ఆ పుస్తకం చూసి మైసూరుపాకు చేస్తే గట్టిగొచ్చింది. పిల్లలు సుత్తె తెమ్మన్నరు. ఆమె నవ్వి, పుస్తకంల ఆ పేజీ పక్కన పెన్సిల్‌తోని ఏదో రాసుకున్నది. అదీ నేర్చుకునుడంటే. తప్పు కాడ గుర్తు పెట్టుకోవాలె. ఫోన్ల యాడ పెడ్తవ్ పెన్సిల్ గుర్తు?

ఇగ టీవీ. హైదరాబాద్ దూరదర్శన్ 1977ల మొదలైందంటరు, మా ఇండ్ల మీద కర్రలు లేసి బొమ్మ కనవడేసరికి ఇంకా చానా ఏండ్లు పట్టింది. కనవడ్డదాంట్ల సగం మంచే. ఒకడు కప్పెక్కి ఏరియల్ తిప్పాలె, ఇంకోడు వాకిట్ల నిలవడి "వచ్చింది, పోయింది" అని అరవాలె. వంట మధ్యల బొమ్మ పోయిందనుకో, పోపుల ఏం ఏసిండ్రో ఇప్పటికీ తెల్వదు. ఎవరికి తోచింది వాళ్లు ఏసుకున్నరు. నన్నడిగితే అదే మంచిగుండె.

తర్వాత 1993ల జీ టీవీల "ఖానా ఖజానా" వచ్చింది. సంజీవ్ కపూర్. తెల్లకోటు, గుండ్రటి మొఖం, ఎన్నడూ చెదరని నవ్వు. దాన్ని మొదట్ల తీసిన హన్సల్ మెహతా తర్వాత పెద్ద సినిమా డైరెక్టరయిండని మా మనుమరాలు చెప్పింది, పొయ్యి కాడ మొదలువెడితే ఎటన్న పోవచ్చునట. ఉర్దూ వచ్చినోళ్లం గనక ఆయన హిందీ మాకు మంచిగనే తెలుస్తుండె. హోటళ్ల వంటోడు, అయినా ఇంట్ల కుక్కరు పెట్టుకునే ఆడామెతోని మాట్లాడినట్టు మాట్లాడుతుండె, అది ఒప్పుకుంట. ఆయన వంట ఇరవై ఏండ్ల దాక నడిచింది, 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. అంతకు ముందే 2007ల వంటలు చెప్పే తరలా దలాల్‌కు ఇచ్చిండ్రు. ఆమె మొత్తం శాకాహారమే. మా ఊళ్లె లింగాయతుల ఇండ్లల్ల ఆమెకున్న గౌరవం ఎమ్మెల్యేకు గూడ లేకుండె.

కని కపూర్ సాబు వచ్చిన్నుంచే మా వంటింట్ల కసూరీ మేతీ అనే ఎండు గడ్డి చేరింది. పాలమీగడను డబ్బాల కొనుడు మొదలైంది. ఇంట్ల బర్రె ఉన్నది, దూడ ఉన్నది, ఉట్టి మీద మీగడ ఉన్నది, అయినా నారాయణఖేడ్ పోయి మీగడ డబ్బా తేవాల్నట! పన్నీరు మటరు అన్నరు. పన్నీరంటే మాకు పెండ్లిళ్లల్ల చల్లేదే తెల్సు. మొదటిసారి ఆ ముక్క నోట్ల పెట్టుకున్నప్పుడు ఇది ఉడికిందా లేదా అని అడిగిన. రెండోసారి అడగలే. మూడోసారి నేనే పెట్టుమన్న, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

1995ల ఈటీవీ వచ్చినంక "అభిరుచి" తెలుగుల వంట చెప్పింది. ఆ మాట చెప్పుకోవాలె. కపూర్ సాబు వంట చూడదగ్గది, "అభిరుచి" వంట చేయదగ్గది. ఊరూరి నుంచి మామూలు ఇండ్ల ఆడోళ్లు వచ్చి, పట్టుచీర కట్టుకుని, కెమెరా దిక్కు చూడాల్నా గిన్నె దిక్కు చూడాల్నా తెల్వక, చెమటలు తుడుచుకుంట చేస్తుండిరి. వాళ్ల చెయ్యి వణుకుడు చూస్తే నాకు నిమ్మళమైతుండె, వీళ్లు మనోళ్లే అని. మధ్యాహ్నం మా వాకిట్ల చాటలన్ని పక్కకు పోతుండె. బిడ్డలు నోటుబుక్కుల రాసుకునేది. అల్లం ఎల్లిపాయ ముద్ద, గరం మసాలా, రెండు చెంచాలు, అర చెంచా. అప్పటి దాక మా ఇంట్ల చెంచా అంటే దవాఖాన మందు తాగేదే. తర్వాత 2015ల అభిరుచి పేరు మీద ఏకంగ ఒక ఛానలే పెట్టిండ్రు. పొద్దు మాపు వంటలే. ఇరవై నాలుగు గంటలు వంట చూసుకుంట కూసుంటే వండేదెప్పుడు?

ఇంకోటి నాకు సమజ్ కాదు. ధనియాల పొడి ముప్పావు చెంచా, పసుపు పావు చెంచా అని నగలు తూకమేసినంత జాగ్రత్తగ చెప్తరు. ఉప్పు కాడికొచ్చేసరికి "మీ రుచికి సరిపడా" అంటరు! ఉన్న కష్టమంత ఆడనే కదా ఉన్నది. ఎవరి రుచికి? మా ఇంట్ల నాకు బీపీ, మా కొడుకుకు ఉప్పు దండిగ కావాలె, కోడలు సగం, మనుమనికి నోటికేం తగిలినా ఫోన్ల నుంచి తల లెవ్వదు. ఈ నలుగురికీ ఒక్క గిన్నెల ఉప్పెయ్యగలిగినామెకు పద్మశ్రీ ఇయ్యాలె.

ఆ మాటకొస్తే, ఎందుకు ఏం చేస్తరో చెప్పెటోళ్లల్ల నాకు ఆ సంజయ్ తుమ్మ నయం. వాహ్‌చెఫ్ అంటరు. మన హైదరాబాద్ దిక్కే. పెద్ద హోటళ్లల్ల చేసి, షికాగోల హోటలు నడిపి, 2007ల ఇంటర్నెట్ల వంటలు చూపుడు మొదలువెట్టిండు. ఉల్లిగడ్డ ఏసినంక ఉప్పెందుకు ముందు ఏస్తరు, అంటే నీళ్లు ఊరి తొందరగ మగ్గుతదని, మసాలా నూనెల ఏగితేనే వాసన ఎందుకు లేస్తది, అని ఇడమరిచి చెప్తడు. మా అమ్మకు ఇదంతా తెల్సు, కని అడిగితే "నోరు మూసుకొని తిను" అంటుండె. ఆ జవాబు గూడ ఒక తీర్ల చదువే. దూరం పోయి సదువుకుంటున్న పోరగాండ్లు ఆయన్ను చూసే పప్పుచారు నేర్చుకున్నరు. మా అన్న మనుమడు డాలస్‌ల ఉంటడు, వాడు బగారా అన్నం చేసుకుంటడట! మా వంశంల మగోడు బియ్యం కడిగిండంటే మా తాత ఊళ్లె తల ఎట్ల ఎత్తుకుంటుండెనో. నేను మా ఇంటామెకు ఈ మాట చెప్పి బాధపడ్డ. ఆమె చానాసేపు నవ్వి, "ఆ పిలగాని నంబరియ్యి, మాట్లాడ్త" అన్నది.

ఇగ పందేలు. 2021ల జెమినీ టీవీల మాస్టర్ చెఫ్ తెలుగుల వచ్చింది. తమన్నా నడిపింది, తర్వాత అనసూయ. చలపతి రావు, సంజయ్ తుమ్మ, మహేశ్ పడాల న్యాయమూర్తులు. గోడ మీద గడియారం, అటిటు ఉరుకుడు, ఆఖరు నిమిషంల ప్లేటు మీద ఆకు పెట్టుడు, కండ్ల నీళ్లు. ఇగ పెద్దమనుషులొచ్చి పశువుల సంతల ఎద్దు పండ్లు చూసినట్టు ఆ పళ్లెం అటు తిప్పి ఇటు తిప్పి చూస్తరు. మంచిదే, తప్పు పట్టెటోళ్లను ఆఖరుకు టీవీల పెట్టిండ్రు అనుకున్న, మా తాతకు ఉద్యోగం దొరుకుతుండె. కని ఒక్క ముక్క తిని తీర్పు చెప్తరేంది? కూర సంగతి రెండో సారి ఏసుకున్నప్పుడు తెలుస్తది. రాత్రి మిగిలింది పొద్దుగాల్ల సద్ది రొట్టెతోని తింటే ఇంకా తెలుస్తది. ఆ మాట ఏ న్యాయమూర్తీ అడగలే.

మా మనుమరాలు ఒకనాడు ఫోన్ల అమెరికా ఆమెను చూపించింది, జూలియా చైల్డ్ అని. 1963ల బోస్టన్ టీవీల వచ్చిందట, నలుపు తెలుపు బొమ్మ. ఎత్తు మనిషి, పెద్ద గొంతు. ఆలుగడ్డ అట్టును పెనం మీద ఎగరేసి తిప్పబోతే సగం పొయ్యి మీద పడ్డది. ఆమె బెదరలే. చేతితోని ఎత్తి మళ్ల పెనంల ఏసి, వంటింట్ల నువ్వొక్కదానివే ఉన్నవ్ గద, ఎవరు చూస్తున్నరు అన్నట్టు ఏదో అన్నది. నేను కుర్చీల నుంచి లేసి నిలవడ్డ. టీవీల నేను చూసిన మొట్టమొదటి నిజం వంట అది! అరవై ఏండ్ల కిందటి అమెరికా ఆమెల నాకు మా మేనత్త కనవడ్డది. ఆ తర్వాత టీవీలోళ్లు కత్తెర పట్టుకున్నరు, పడ్డదంతా కోసేస్తున్నరు.

మన దిక్కు అట్ల కత్తెరకు లొంగనిది మస్తానమ్మ. గుంటూరు జిల్లా గుడివాడ. ముని మనుమడు ఒకడు స్నేహితునితోని కలిసి 2016ల "కంట్రీ ఫుడ్స్" అని మొదలువెట్టి ఆమె వంటను ఫోన్లకెక్కించిండు. నూరేండ్లు దాటిందన్నరు. నేల మీద కూసొని, కట్టెలు ఎగదోసుకుంట, పుచ్చకాయ డొల్లల కోడికూర వండింది, ప్రపంచమంత చూసింది. 2018 డిసెంబరుల పోయింది పాపం. కొలత లేదు, చెంచా లేదు, "బాగుందో" అనుడు లేదు. పుచ్చకాయల కోడేందని నేను ఊరంత తిట్టుకుంట తిరిగిన, తిట్టుకుంటనే మూడు మార్లు చూసిన.

మన తెలంగాణల నారాయణ రెడ్డి. గ్రాండ్‌పా కిచెన్ తాత. 2017ల మొదలువెట్టిండు, 2019 అక్టోబరుల పోయిండు, డెబ్బై మూడేండ్లు. చెల్కల పొయ్యి పెట్టి, ఈ చేతి నుంచి ఆ చేతి దాక ఉన్న గంగాళంల వండేది. బిర్యానీ అంటే సరే. పిజ్జా, నూడుల్సు, ఏవేవో ఇంగ్లిష్ మిఠాయిలు గూడ కట్టెల పొయ్యి మీద చేసిండు! నా ఈడు మనిషి గవ్వేంది అనుకున్న. కని వండిందంతా బండ్ల ఏసుకొని అనాథ పిల్లలకు తీస్కపోయి పెడ్తుండె. పిల్లలు కూసొని తినేది గూడ చూపెడ్తుండిరి. గది చూసినంక నేను మాట్లాడలే. తినెటోళ్లు కనవడ్డ వంట అది. ఆయన చేసిన దాంట్ల నాకు నచ్చనిది ఒక్కటే, మా ఇంటామె ఆయన్ను చూపించి నన్ను చూసుడు.

ఇప్పుడు టీవీల కొత్త ముచ్చట, చిరుధాన్యాలు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడు అన్నది, ఇగ ప్రతి వంటాయన జొన్న ఉప్మా, కొర్ర బిర్యానీ, రాగి కేకు. జొన్న రొట్టెను త్రికోణం ముక్కలు కోసి నల్లరాతి పలక మీద పెట్టి చూపించిండు ఒకాయన. మా జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడోళ్లు ఏండ్ల కిందనే ఈ గింజలు కాపాడి, జాతరలు చేసి, మాచునూరుల 2008ల సొంత రేడియో పెట్టి పంటల గురించి వంటల గురించి తమ మాటలనే చెప్పుకున్నరు. అప్పుడు ఏ టీవీ వంటాయనకు సజ్జలు కనవడలే.

జొన్న రొట్టె పోయింది టీవీతోని అని నేను కచ్చీరు కాడ ఉపన్యాసం చెప్తుంటే మా ఊరి పాత పట్వారి ఒకాయన అడ్డుపడ్డడు. "1983ల ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిననాడు లైన్ల ముందట నిలవడ్డది ఎవరు?" అన్నడు. నేనే. చిన్నప్పుడు తెల్ల బువ్వ పండుగకే. జొన్న గట్క, అంబలి చూస్తే ఏడుపొస్తుండె, పెద్దింటోళ్ల కాడ బియ్యం వాసన వస్తే గోడ పక్కన నిలవడుతుంటిమి. అన్నం దొరికినంక జొన్నలను మేమే మరిచినం. ఇప్పుడు షుగరు దాక్టరు అన్నం మానుమంటే మళ్ల జొన్నలు గొప్పగైనయ్. ఆ పట్వారితోని నేను పండుగ దాక మాట్లాడలే.

పండుగంటే ఎల్లమాస. మార్గశిర అమావాస్య. మీ హైదరాబాదుల దీని పేరు గూడ తెల్వదు. బీదర్, జహీరాబాద్, ఖేడ్ దిక్కు మాది. చేన్ల జొన్న దంట్లతోని గుడిసె ఏసి, రాళ్లకు సున్నం పూసి పాండవులని మొక్కి, చుట్టాలు పక్కాలు అందరు చేన్లనే కూసొని తింటం. సజ్జ రొట్టెలు, నువ్వులద్దిన రొట్టెలు, అంబలి, భజ్జి. నువ్వనుకునే మిరపకాయ బజ్జి కాదు. పచ్చి కంది గింజలు, పచ్చి శెనగలు, వంకాయ, చిక్కుడు, చేన్ల దొరికిన ఆకుకూరలన్ని ఏసి చిక్కగ వండేది. ఏం దొరికితే అది పడ్తది గనక ఒక ఏడు చేసినట్టు ఇంకో ఏడు రాదు. దీన్ని టీవీల ఎట్ల చెప్తరు? చెప్పలేరు అని నేను మురిసిన.

మా మనుమరాలు చెప్తనన్నది. హైదరాబాదుల సదువుతున్న పోరి, పోయిన ఎల్లమాసకు వచ్చింది. మూడు కాళ్ల స్టాండు, ఫోను, కూరగాయలు తూచే చిన్న మిషను. నాయనమ్మ గుప్పెట పట్టినప్పుడల్ల "ఆగు ఆగు" అని ఆ గుప్పెడు మిషన్ మీద పోయించి రాసుకుంటది. ఒక గుప్పెడు ఒక తీరుంటే ఇంకో గుప్పెడు ఇంకో తీరుంటది. పోరికి తల తిరిగింది. "నాయనమ్మా, సరిగ చెప్పు, కందులు ఎంత?" మా ఇంటామె ఆమె దిక్కు తెలివి తక్కువ దాన్ని చూసినట్టు చూసి, "ఎంతమంది వస్తున్నరు?" అన్నది. పోరి ఆ ముక్క మళ్ల చెప్పుమన్నది, కెమెరా దిక్కు చూసి. మా ఇంటామె కెమెరా దిక్కు చూడలే. పొగ కండ్లల్ల పోతుంటే కొంగుతోని తుడుచుకుంటున్నది.

పొగ మంచిగుంటదని, పొగ వాసనతోనే కూరకు రుచని నేను పక్క నుంచి అన్న. 1999ల దీపం పథకం కింద గ్యాసు వచ్చిననాడు మా ఇంటామె పొయ్యిని తొట్టిల ఏసి, కండ్లకు ఒక నెల మందేసుకున్నది. కట్టెల పొయ్యి ఇప్పుడు ఏడాదికొక్కనాడు చేన్లనే. "అంత రుచి కావాల్నంటే ఇటొచ్చి ఊదు" అని గొట్టం నా దిక్కు చాచింది. పోరి ఆ సంగతి గూడ ఫోన్ల పట్టింది. ఊదిన. మంట రాలే, దగ్గు వచ్చింది.

ఆఖరుకు నన్ను కుంపటి పక్కన కూసోవెట్టి, పళ్లెంల రొట్టె, భజ్జి పెట్టి, "తాతా, తిని ఎట్లుందో చెప్పు" అన్నది. నేను సగం రొట్టె తిన్న, నమిలిన, చెయ్యి ఆపిన. "ఉప్పు తక్కువైంది, చిక్కుడు ఇంకొంచెం ఉడకాలె" అన్న. మా ఇంటామె అవునన్నట్టు తలాడించి గిన్నెల ఉప్పేసింది. యాబై ఏండ్ల కాపురంల నేను చెప్పింది ఆమె మాట తిప్పకుండ ఒప్పుకున్నది గదొక్కటే, అది గూడ కెమెరా ముందట.

పోరి హైదరాబాద్ పోయినంక వీడియో పంపింది. గుప్పెట ఉన్నది, మిషన్ ఉన్నది, నా దగ్గు గూడ ఉన్నది, దాని మీద నవ్వుల చప్పుడు ఏసిండ్రు. ఉప్పు తక్కువైందన్న ముక్క కోసేసిండ్రు. అదేందే అని ఫోన్ చేస్తే, "తాతా, అది పెడితే ఎవరూ చెయ్యరు, వంట బాగలేదనుకుంటరు" అన్నది. దానికి బదులు నేను రెండో రొట్టె ఇరుచుకునేది పెట్టి, పక్కన ఒక నవ్వు బొమ్మ అంటించింది. రెండోది కాదు, మూడోదని నేను మళ్ల ఫోన్ చేసి చెప్పిన.